పేరు చేర్చే బాధ్యత ప్రభుత్వానిదే

అమెరికాలో ఎన్నికల చట్టాలు చాలావరకు రాష్ట్రాల చేతుల్లోనే ఉంటాయి. అందుకే ఒరెగన్‌లో సులువైన ఓటు న్యూయార్క్‌లో కష్టమైంది.

ఒరెగన్ ఓటర్లు 1998లోనే పోస్టల్ ఓటింగ్‌కు ఆమోదం తెలిపారు. బ్యాలెట్ ఇంటికే వస్తుంది. 2016 నుంచి డ్రైవింగ్ లైసెన్స్ కోసం వెళ్లిన అర్హుల పేర్లు, వాళ్లు వద్దనకపోతే, జాబితాలో చేరిపోతున్నాయి. భారం మోయాల్సింది ప్రభుత్వమే.

న్యూయార్క్‌లో 2019 దాకా ముందస్తు ఓటింగే లేదు. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే 2016 ఏప్రిల్ ప్రైమరీలో ఓటేసేందుకు పార్టీ మార్చుకోవాలంటే 2015 అక్టోబరులోనే దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది! అభ్యర్థుల సంగతి ఇంకా తేలని రోజుల్లో అలాంటి గడువు అన్యాయం.

న్యూయార్క్‌లో పోలింగ్ రోజునే ఓటరు నమోదుకు దారి తెరిచే రాజ్యాంగ సవరణను 2021లో ఓటర్లే తిరస్కరించారు. శాసనసభ దాన్ని మళ్లీ వాళ్ల ముందుకు తేవాలి. ఈమధ్యే ఇల్లు మారిన అద్దెదారుకు దానివల్ల కలిగే మేలేమిటో ఈసారి ఇంటింటికీ వెళ్లి చెప్పాలి.