చిట్టి పొట్టకు తొలి చుట్టాలు

చీరాల వాళ్లకు మగ్గం సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. నేత సగంలో ఉండగానే బట్టను కోసి తీసేస్తే ఏమవుతుంది? పోగులు జారిపోతాయి, పట్టు ఉండదు. రెండు నెలలు ముందుగా పుట్టిన బిడ్డ పేగు కూడా అలాంటిదే. పైకి అన్నీ అమరినట్టే కనిపిస్తాయి. లోపల నేత మాత్రం పూర్తి కాలేదు.

37 వారాలు నిండకుండా పుడితే నెలలు తక్కువ బిడ్డ కిందే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ అంచనా ప్రకారం 2020లో ప్రపంచం మొత్తం మీద కోటీ 34 లక్షల మంది ఇలా పుట్టారు. వారిలో 30 లక్షల మంది మన దేశంలోనే! ఊపిరి గండం గడిచింది, బరువు పెరుగుతోంది అని ఇంటిల్లిపాదీ కుదుటపడుతున్న వేళ... రెండో వారంలోనో మూడో వారంలోనో కొందరికి ఉన్నట్టుండి పొట్ట ఉబ్బుతుంది. పచ్చగా వాంతి అవుతుంది. మలంలో నెత్తుటి జీర కనిపిస్తుంది. బిడ్డ వడలిపోతుంది. డాక్టర్లు దీన్ని నెక్రోటైజింగ్ ఎంటరోకొలైటిస్ అంటారు, పొట్టిగా ఎన్‌ఈసీ. పేగు గోడ వాచి, కొంత భాగం చచ్చుబడిపోవడమే ఈ జబ్బు. కిలోన్నర లోపు బరువుతో పుట్టినవారిలో నూటికి సుమారు ఏడుగురికి వస్తుంది. వచ్చినవారిలో నలుగురైదుగురికి ఒకరు దక్కడం లేదు.

పాలు ఆపి, సెలైన్ ద్వారా పోషకాలు, యాంటీబయాటిక్స్ ఇస్తారు. పేగుకు చిల్లు పడితే ఆపరేషన్ తప్పదు. అందుకే వచ్చాక చేసే వైద్యం కంటే రాకుండా చూడటం మీదే పరిశోధకుల దృష్టంతా.

కాపలాదారు కంగారు

తల్లి కడుపులో ఉన్నంతకాలం బిడ్డ పేగులో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. పుట్టిన క్షణం నుంచీ ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. నెలలు నిండి, సహజ కాన్పులో పుట్టి, తల్లిపాలు తాగే బిడ్డకు ఆ తొలి చుట్టాలు ఎక్కువగా అమ్మ నుంచే వస్తాయి. వీటిలో ముఖ్యమైన బైఫిడో బ్యాక్టీరియాను పారిస్ పాశ్చర్ సంస్థలో హెన్రీ టిసియే 1899లో గుర్తించాడు. ఎక్కడ? తల్లిపాలు తాగే పసివాడి మలంలో.

నెలలు తక్కువ బిడ్డ దారి వేరు. సిజేరియన్, గాజుపెట్టె, ముక్కులో గొట్టం, మొదటి రోజు నుంచే యాంటీబయాటిక్స్. బతకాలంటే ఇవి అవసరమే. కానీ అమ్మ ఒంటి మీది సూక్ష్మజీవుల బదులు ఆస్పత్రి వార్డులో ఉండేవి ముందుగా చోటు పట్టేస్తాయి. ఎన్‌ఈసీ రాబోయే ముందు ఈ.కోలై, క్లెబ్‌సియెల్లా వంటి జాతులు పెరిగి, మిగతావి తగ్గుతున్నట్టు అనేక అధ్యయనాల్లో తేలింది. ఇదిగో ఈ క్రిమే కారణం అని ఒక్కదాన్ని వేలెత్తి చూపడానికి మాత్రం లేదు.

పేగు గోడలో టీఎల్ఆర్-4 అనే కాపలాదారు ఉంటుంది. నెలలు నిండని పేగులో దీనికి కంగారు ఎక్కువ. ఆ క్రిముల అలికిడి వినగానే వాపు మంట రాజేస్తుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. దొంగను పట్టబోయి ఇంటికే నిప్పు పెట్టినట్టన్నమాట.

రెండో విస్తరి

తల్లిపాలలో ఒక చిత్రం ఉంది. లాక్టోజు, కొవ్వుల తర్వాత అందులో ఎక్కువగా ఉండేవి కొన్ని ప్రత్యేకమైన చక్కెరలు. వాటిని బిడ్డ అరిగించుకోలేదు! మరి ఎవరి కోసం? బైఫిడో బ్యాక్టీరియా కోసం. అమ్మ బిడ్డకు వడ్డిస్తూనే, బిడ్డను కాచుకునే చుట్టాలకూ ఒక విస్తరి వేస్తుందన్నమాట. డబ్బా పాలలో ఈ వడ్డన సహజంగా ఉండదు. 1990లో ఇంగ్లండులో లూకస్, కోల్ 926 మంది నెలలు తక్కువ పిల్లలను గమనించారు. డబ్బా పాలు మాత్రమే తాగినవారిలో ఈ జబ్బు, తల్లిపాలు మాత్రమే తాగినవారి కంటే 6 నుంచి 10 రెట్లు ఎక్కువగా కనిపించింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. చీరాలలో కాన్పయి, బిడ్డను పెద్ద ఆస్పత్రికి పంపాల్సి వస్తే దారి బాపట్ల, పొన్నూరు మీదుగా గుంటూరుకు. 60 కిలోమీటర్ల పైచిలుకు. ఆపరేషన్ కుట్లతో తల్లి ఇక్కడ, గొట్టాల మధ్య బిడ్డ అక్కడ. ‘తాగే బిడ్డే దగ్గర లేకపోతే పాలెందుకు’ అనుకుని అందరూ వదిలేస్తే, ఆ నాలుగు రోజుల్లోనే పాలు ఎండిపోతాయి. బిడ్డకు మందు కంటే విలువైనది చేజారిపోతుంది. కాన్పయిన తొలి గంటల నుంచే రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా పాలు పిండాలి. చెంచాడు ముర్రుపాలైనా సరే, శుభ్రమైన సీసాలో, ఐసు ప్యాకుల పెట్టెలో బిడ్డకు చేరాలి. ఎలా నిల్వ చేయాలో వార్డులోని నర్సు చెబుతారు. నాన్నకో అమ్మమ్మకో ఇంతకంటే పెద్ద పని ఆ వారంలో లేదు.

అమ్మకు పాలు రాకపోతే దాతల పాలున్నాయి. 62.5 డిగ్రీల వద్ద అరగంట వేడిచేసి ఇస్తారు. ఆసియాలో తొలి తల్లిపాల బ్యాంకు 1989లో ముంబై సయన్ ఆస్పత్రిలో మొదలైంది. హైదరాబాద్ నిలోఫర్‌లో ‘ధాత్రి’ 2017లో వచ్చింది.

పొడి పొట్లాలు... జాగ్రత్త

మంచి బ్యాక్టీరియాను పొడి రూపంలో ఇచ్చేస్తే? పక్కనే ఉన్న ఒడిశా పల్లెల్లో డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది పసివాళ్లతో ఈ ప్రయోగం చేసింది. వారం రోజులు లాక్టోబాసిల్లస్ ప్లాంటారం ఇచ్చిన పిల్లల్లో సెప్సిస్, మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. 2017లో నేచర్ పత్రిక దీన్ని ప్రచురించింది. అయితే వాళ్లంతా రెండు కిలోలు, ఆపై బరువున్నవారు. మరీ చిన్న పిల్లల విషయంలో ఫలితాలు అటూ ఇటూ ఉన్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో జరిగి 2013లో ప్రచురితమైన ప్రయోగంలో మూడు రకాల బ్యాక్టీరియా కలిపి ఇస్తే ఎన్‌ఈసీ 4.4 శాతం నుంచి 2 శాతానికి దిగింది. ఇంగ్లండులో మరో రకం ఇస్తే తేడాయే కనబడలేదు. పైగా 2023లో అమెరికాలో ఇలా ఇచ్చిన బ్యాక్టీరియానే ఒక పసికందు రక్తంలోకి చేరి ప్రాణం తీయడంతో అక్కడి ఔషధ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. 32 వారాల లోపు పుట్టి తల్లిపాలు తాగే బిడ్డలకు ప్రోబయోటిక్స్ విషయం ఆలోచించవచ్చని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ ఆలోచన డాక్టర్‌ది. షాపులో పొట్లం కొని మనం వేసేది కాదు.

మన పద్ధతుల మాటా చెప్పుకోవాలి. నాలుకకు తేనె రాయడం, ఆముదం పట్టడం, వీధిలోకి వచ్చిన గాడిద పాలు ఓ ఉగ్గుగిన్నెడు పోయడం... పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు. కానీ పచ్చి పాలతో ఏ క్రిములు వస్తాయో తెలియదు. తేనెలో బొటులిజం విత్తనాలు ఉండవచ్చు. నేత పూర్తికాని పేగుకు ఇవేవీ వద్దు.

ఇవ్వాల్సింది మరొకటి ఉంది, అమ్మ గుండెల మీద చోటు. 1978లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన కంగారూ పద్ధతి ఇది. రోజుకు 8 నుంచి 24 గంటలు బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సిఫార్సు. అమ్మ ఒంటి వెచ్చదనంతో పాటు ఆమె చర్మం మీది సూక్ష్మజీవులూ బిడ్డకు అందుతాయి. అమ్మ అలసిపోతే నాన్న ఛాతీ అయినా సరే. బిడ్డ ఎప్పుడు దానికి సిద్ధమవుతుందో డాక్టర్‌ను మొదటి రోజే అడగండి.