నెల్లూరు తీరంలో పూలమొక్కల నాట్లు: హస్తవాసి కంటే హస్త కార్తె ముఖ్యం

నెల్లూరు జిల్లా తీర మండలాల్లో పెరటి పూలతోటల ప్రస్తావన వచ్చినప్పుడు తరచుగా వినిపించే మాట హస్తవాసి. ఒకరు నాటిన గులాబీ చిగురిస్తే వారి చేయి మంచిదంటారు. మరొకరు నాటిన కనకాంబరం వారం తిరగకుండానే వాడిపోతే వారికి చేతివాసి లేదని తీర్పు చెబుతారు. పెరటి మొక్కల బాధ్యత సాధారణంగా ఇంటి స్త్రీలదే కనుక ఈ తీర్పు కూడా వారిమీదనే పడుతుంది. వరుసగా రెండు మూడు సార్లు మొక్కలు చనిపోయిన తరువాత 'నా చేతికి మొక్క రాదు' అని గృహిణి ఆ ప్రయత్నాన్నే విరమించుకుంటుంది. పావు ఎకరంలో మల్లె, కనకాంబరం పెట్టి కూలి ఖర్చులకు ఆసరా చేసుకోవాలనుకున్న చిన్న రైతు కుటుంబానికైతే నష్టం అంతటితో ఆగదు. మొక్కల ఖరీదు, దుక్కి ఖర్చు, ఒక కాలపు ఆదాయం మూడూ పోతాయి.

నాటిన మొక్క చనిపోవడానికి కారణాన్ని నాటిన చేతిలో వెతకడం సరికాదని, వేరులోను, నాటిన కాలంలోను వెతకాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఈ తీరానికి సరిపడే నాటు కాలాన్ని, నాటిన తరువాత మొదటి మూడు వారాల యాజమాన్యాన్ని విడిగా, స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత మొక్కలు పెంచి అమ్మేవారిపైన, పరిశోధన, విస్తరణ రంగాల్లో పనిచేసే మనందరిపైన ఉన్నది.

వరి రైతుకు తెలిసిన విద్యే

నెల్లూరు వరికి ప్రసిద్ధి చెందిన జిల్లా. నాటిన వరి కొన్ని రోజులపాటు పసుపు రంగుకు తిరిగి, తల వాల్చి, తరువాత కొత్త వేళ్లు తొడిగి పచ్చబడుతుందని ఇక్కడి ప్రతి రైతుకూ తెలుసు. దానినే మూన తిరగడం అంటారు. మూన తిరిగే వరకు మడిలో నీరు పలుచగా ఉంచుతారు. నారు పీకేటప్పుడు వేళ్లు తెగకుండా జాగ్రత్తపడతారు. ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయని ముందే చెబుతారు. పసుపు రంగు చూసి ఎవరూ కంగారు పడరు.

పూలమొక్క విషయానికి వచ్చేసరికి ఈ ఓర్పు ఎక్కడికో పోతుంది. నాటిన మరునాడు ఆకులు వాలితే రెండు బిందెల నీరు పోస్తారు. మూడవ నాటికీ కోలుకోకపోతే గుప్పెడు యూరియా చల్లుతారు. వారం తరువాత మొక్కను పీకి చూస్తే వేళ్లు నల్లబడి ఉంటాయి. వరి మూన తిరగడానికి వ్యవధి ఇచ్చే రైతు బంతికి, గులాబీకి, కనకాంబరానికి ఆ వ్యవధి ఎందుకు ఇవ్వకూడదు? మొక్క వేరైనా లోపల జరిగే క్రియ ఒక్కటే.

నాటిన మొక్కలో జరిగేది

మొక్క నీటిని, పోషకాలను ప్రధానంగా లేత వేరు కొనల సమీపంలో ఉండే సన్నని నూగు వేళ్ల ద్వారా తీసుకుంటుంది. పీకి నాటేటప్పుడు, సంచి చింపేటప్పుడు, రవాణాలో మట్టిగడ్డ పగిలినప్పుడు ముందుగా నశించేవి ఇవే. పైనున్న ఆకులు మాత్రం మునుపటిలాగే నీటిని ఆవిరిగా వదులుతూ ఉంటాయి. ఈ రాబడికీ ఖర్చుకూ మధ్య ఏర్పడే అంతరమే వాడు. నీటిని పొదుపు చేసుకోవడానికి మొక్క పత్రరంధ్రాలను మూసుకుంటుంది. దానితో బొగ్గుపులుసు వాయువు లోపలికి రావడం తగ్గి ఆహారం తయారీ కూడా తగ్గుతుంది. ఉన్న కొద్ది నిల్వతోనే కొత్త వేళ్లు తొడగాలి. అప్పటికే మొక్కపై పూలు, మొగ్గలు ఉంటే ఆ నిల్వలో వాటికీ భాగం పోతుంది.

దీనిని బట్టి కొత్తగా నాటిన మొక్కకు చేయవలసిన ఉపచారం రెండే రెండు సూత్రాలుగా తేలుతుంది: ఆకుల ఖర్చు తగ్గించడం, వేరుకు గాలీ తడీ రెండూ అందేటట్లు చూడడం. ఎరువు ఈ రెంటిలో దేనికీ చెందదు. నీటిని తీసుకోలేని వేరు చుట్టూ లవణాల గాఢత పెరిగితే ఆ కాస్త నీరు కూడా వేరుకు అందదు.

బోగోలు కాలం వేరు

పూలతోటల సాగు వివరాల్లో నాటు కాలంగా జూన్, జూలై నెలలు ఎక్కువగా కనిపిస్తాయి. నైరుతి ఋతుపవనాలతో నేల తడిసే ప్రాంతాలకు ఇది సరిపోతుంది. కావలికి దక్షిణాన, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న బోగోలు మండలానికి ఇది సరిపోదు. ఈ జిల్లాకు సంవత్సరంలో కురిసే వర్షంలో సగానికి పైగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవన కాలంలోనే వస్తుంది. జూన్‌లో ఇక్కడ ఎండలు పూర్తిగా తగ్గవు, పడమటి గాడ్పులు వీస్తూనే ఉంటాయి. వేళ్లు తెగిన మొక్కను ఆ గాడ్పులో నిలబెట్టడమంటే ఖర్చు అత్యధికంగా ఉన్న రోజుల్లో రాబడి లేకుండా చేయడమే.

జువ్వలదిన్నె వంటి తీర గ్రామాల్లో దీనికి ఉప్పు సమస్య తోడవుతుంది. వేసవి చివర బోరు నీటిలో లవణాల గాఢత హెచ్చుగా ఉంటుంది, వాటిని కడిగే వాన అప్పటికి రాదు. సాగునీటి విద్యుత్ వాహకత మీటరుకు 0.7 డెసిసీమెన్ లోపు ఉంటే ఇబ్బంది లేదని, 3 దాటితే తీవ్రమైన పరిమితులు ఉంటాయని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గులాబీ ఉప్పును ఏమాత్రం ఓర్చుకోలేని మొక్క. కాబట్టి తీరంలో గులాబీ పెట్టదలచినవారు మొక్క కొనే ముందు నీటి పరీక్ష చేయించుకోవడం మంచిది.

ఈ కారణాలన్నిటి వల్ల బంతి, కనకాంబరం, మల్లె, మందారం, గులాబీ వంటివాటిని ఇక్కడ హస్త, చిత్త కార్తెలలో, అంటే సుమారు సెప్టెంబరు 27 నుండి అక్టోబరు 23 వరకు నాటడం యుక్తమని నా అభిప్రాయం. ఎండ తీవ్రత తగ్గుతుంది, గాలిలో తేమ పెరుగుతుంది, తొలి వానలు నేలలోని ఉప్పును కొంత కిందికి దించుతాయి. అంతకంటే ఆలస్యం చేయడం కూడా ప్రమాదమే. నవంబరు ఈ తీరానికి తుపానుల నెల. 1989 నవంబరులో పెను తుపాను కావలి సమీపంలోనే తీరం దాటింది. వేరు పట్టని మొక్క మూడు రోజులు నీటిలో నిలిస్తే తిరిగి కోలుకోవడం కష్టం. చిత్త కార్తె ముగిసేలోపు నాటిన మొక్కకు పెద్ద వానల నాటికి వేరు పట్టే వ్యవధి కొంతైనా దొరుకుతుంది. ఆ వ్యవధిలోనూ భారీ వర్షం రావచ్చు కనుక 15 నుండి 20 సెంటీమీటర్ల ఎత్తు మడులపై నాటడం, మురుగు కాలువ ముందే తీసి ఉంచడం తప్పనిసరి.

ఈ వాదనకు ఒక మినహాయింపు ఉంది. చామంతి పగటి కాలం తగ్గేకొద్దీ పూమొగ్గ తొడిగే మొక్క. అక్టోబరులో నాటితే కొమ్మలు రాకముందే మొగ్గకు వచ్చి దిగుబడి పడిపోతుంది. కనుక చామంతిని జూన్, జూలైలోనే నాటక తప్పదు. అయితే నీడ వల, మంచి నీటి వసతి ఉన్నవారే దానికి పూనుకోవాలి. దసరా పండుగకు బంతి కావాలనుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. సంక్రాంతి మార్కెట్టుకైతే తొందర లేదు. ఆగస్టు చివర నారు పోసి, 25 నుండి 30 రోజుల నారును హస్త కార్తెలో నాటితే పండుగ నాటికి పూలు చేతికి వస్తాయి.

బిందు సేద్యం ఉంటే ఏ నెలలోనైనా నాటవచ్చునని కొందరంటారు. బిందు సేద్యం నేలకు తడి ఇస్తుంది గాని గాడ్పును ఆపదు, నీటిలోని ఉప్పును తీయదు. తెగిన వేరు ఆ తడిని పూర్తిగా అందుకోలేదు. వసతి ఉన్న రైతుకు నష్టం తగ్గవచ్చు, పెరట్లో చెంబుతో నీరు పోసే గృహిణికి ఈ సలహా వల్ల ప్రయోజనం లేదు.

మొదటి 21 రోజులు

ఈ ప్రాంతానికి వచ్చే మొక్కల్లో చాలావరకు దూరపు నర్సరీల నుండి వస్తాయి. గోదావరి ఒడ్డున ఉన్న కడియం నుండి బోగోలుకు 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం. లారీ దిగిన మొక్కను అదే రోజు ఎండలో నాటరాదు. 5 నుండి 7 రోజులు చెట్టు నీడలో ఉంచి, క్రమంగా ఉదయపు ఎండకు అలవాటు చేయాలి. నాటడం సాయంత్రం వేళ జరగాలి. నాటే ముందు సంచిని బాగా తడిపి, మట్టిగడ్డ పగలకుండా ప్లాస్టిక్‌ను కోసి తీయాలి. అడుగున చుట్టలు చుట్టుకున్న వేళ్లను విడదీయాలి లేదా కత్తిరించాలి. సంచిలో ఎంత లోతు ఉన్నదో గుంతలోనూ అంతే లోతు ఉండాలి. అంటు గులాబీలో అంటు కట్టిన చోటు మట్టిపైన కనిపించాలి.

సంచిలోని మన్ను బంకగా ఉండి, పెరటి నేల ఇసుకగా ఉంటే మరొక చిక్కు ఎదురవుతుంది. ఆ మట్టిగడ్డ ఒకసారి ఎండి బిగుసుకుంటే పోసిన నీరు దాని పక్కనుండి ఇసుకలోకి జారిపోతుంది. నేల తడిగా కనిపిస్తున్నా మొక్క దాహంతో ఉంటుంది. కనుక మొదటి రోజుల్లో నీరు మొదలు దగ్గరే, మట్టిగడ్డ తడిసేటట్లు నెమ్మదిగా పోయాలి.

పూలను, మొగ్గలను తుంచివేయడం అన్నింటికంటే కష్టమైన పని. పూలు చూసి మురిసి కొన్న మొక్క అది. అయినప్పటికీ మొదటి మూడు వారాలు పూలను వదులుకుంటే ఆ తరువాత కాలమంతా పూస్తుంది. పడమటి వైపు తాటాకు గాని కొబ్బరి మట్ట గాని గుచ్చి 7 నుండి 10 రోజులు నీడ కల్పించాలి. మొదలుకు కాస్త ఎడంగా వరిగడ్డి లేదా వేరుశనగ పొట్టు 5 సెంటీమీటర్ల మందాన పరచాలి.

నీరు పోయడానికి ముందు వేలిని మట్టిలోకి దించి చూడాలి. మధ్యాహ్నం వాలిన ఆకులు సాయంత్రానికి నిలబడితే మొక్క తన పని తాను చేసుకుంటున్నదని అర్థం, అదనపు నీరు అవసరం లేదు. తెల్లవారుజామున కూడా ఆకులు వాలి ఉండి, మట్టి పొడిగా ఉంటే నీరు కావాలి. మట్టి తడిగా ఉండి ఆకులు వాలితే అది వేరుకుళ్లు సూచన. అప్పుడు నీరు ఆపి, మురుగు తీసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు తడిసేలా పోయాలి. ఇసుక నేలలో కొద్ది కొద్దిగా రోజూ, బరువు నేలలో రెండు మూడు రోజులకొకసారి తడి ఇవ్వడం సాధారణ పద్ధతి.

గుంతలో బాగా చివికిన పశువుల ఎరువు, వేపపిండి, ట్రైకోడెర్మా కలపడం మంచిదే. వంగ, టమాట, బెండ వేసి నులిపురుగులు సోకిన నేలలో కనకాంబరం నాటరాదు. రసాయన ఎరువు మాత్రం కొత్త చిగురు కనిపించిన తరువాతనే వేయాలి.

దుకాణాల్లో వేరు పెరుగుదలకంటూ అమ్మే విటమిన్ ద్రావణాల గురించి ఒక మాట. మొక్క నుండి వేరుచేసిన వేళ్లను ప్రయోగశాలలో పెంచేటప్పుడు బి1 విటమిన్ ఉపకరిస్తుందని 1930 దశకంలో తేలింది. ఈ నమ్మకానికి మూలం అదే. నేలలో ఉన్న సంపూర్ణమైన మొక్క ఆ విటమిన్‌ను తన ఆకుల్లో తానే తయారుచేసుకుంటుంది. ఆ డబ్బుతో రెండు తాటాకులు, ఒక బస్తా పొట్టు కొనడం మేలు.

చేయవలసినవారు

నర్సరీలు మొక్కలను అమ్మే ముందు వారం రోజులు నీరు తగ్గించి, ఎండకు అలవాటు చేసి పంపాలి. పూలున్న మొక్కే అమ్ముడుపోతుందన్న మాట వాస్తవమే. అయినా ప్రతి మొక్కతోపాటు నాటే విధానం తెలిపే చిన్న తెలుగు చీటీ ఇవ్వడానికి పెద్ద ఖర్చు కాదు. బతికిన మొక్క కొన్నవారు మరుసటి సంవత్సరం మళ్లీ కొనడానికి వస్తారు.

పరిశోధన రంగం చేయవలసింది మరికొంత ఉంది. మన పూలతోటల ప్రయోగాలు ప్రధానంగా దిగుబడిని, పూవు పరిమాణాన్ని, నిల్వ కాలాన్ని కొలుస్తాయి. నాటిన 30 రోజులకు ఎన్ని మొక్కలు నిలిచాయన్న లెక్కకు కూడా అంతటి ప్రాధాన్యం రావాలి. జిల్లాలో ఎర్ర, నల్ల, ఇసుక నేలలు మూడూ ఉన్నాయి. మృగశిర, హస్త, చిత్త కార్తెలలో నాటి, ఈ మూడు నేలల్లో నిలిచిన మొక్కల శాతాన్ని పోల్చి చూసే ప్రయోగానికి పెద్ద నిధులు అక్కరలేదు. దాని ఫలితం నా అభిప్రాయాన్ని బలపరచినా, సవరించినా రైతుకు మేలే. ఆ ఫలితం ఆధారంగా తీర మండలాలకు ప్రత్యేకమైన నాటు పట్టిక వెలువడాలి. అది కార్తెల పేర్లతో ఉంటే ఊరిలో అందరికీ అర్థమవుతుంది.

ఈ లోగా విస్తరణ సిబ్బంది చేయగలిగిన పని ఒకటి ఉన్నది. మొక్క చనిపోయిందని వచ్చిన గృహిణిని ఏ మందు కొట్టావని అడగడానికి ముందు, ఏ కార్తెలో నాటావమ్మా, ఎంత నీరు పోశావు అని అడగాలి. ఆ రెండు ప్రశ్నలకు వచ్చే సమాధానంలోనే చాలాసార్లు కారణం దొరుకుతుంది. తన చేయి మంచిది కాదన్న నింద నుండి ఆమెకు విముక్తి కూడా అక్కడే మొదలవుతుంది.