ఎలుగుబంటి కార్జం

1596 లో విలెం బారెంట్స్ అనే డచ్చి నావికుడు ధ్రువసముద్రం మీదుగా తూర్పుదేశాలకు దారి వెతుకుతూ బయలుదేరాడు. నోవాయా జెమ్ల్యా దీవి దగ్గర ఓడ మంచులో చిక్కుకున్నది. నావికులు కొయ్యలతో ఇల్లు కట్టుకుని చలికాలమంతా అక్కడే గడిపారు. 1597 లో ఒకనాడు వాళ్ళు తెల్ల ఎలుగుబంటిని చంపి, దాని కార్జం వండుకు తిన్నారు. రుచిగానే ఉన్నదట! కాని తిన్నవాళ్ళందరికీ జబ్బు చేసింది. ముగ్గురికి మరీ ముదిరి, తల మొదలు అరికాళ్ళ దాకా చర్మం ఊడివచ్చింది. ఎలాగో బతికారు.

ఆ కార్జంలో ఉన్న విషం ఏమిటో 1943 లో తేలింది. అది మన కంటిచూపుకు కావలసిన ఏ-విటమినే!

సి-విటమిను ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. ఏ-విటమిను అలా పోదు. కార్జంలో చేరి పేరుకుంటుంది. మునగాకు, బొప్పాయిపండు తింటే ఈ భయం లేదు. వాటిలోని కెరోటిను నుంచి దేహం తనకు కావలసినంతే తయారుచేసుకుంటుంది.

మన దేశంలో పసిపిల్లలకు ఏ-విటమిను మందు పోసే పథకం 1970 లో ఆరంభమయింది. దానికి ఆధారం హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధన. తొమ్మిదోనెలలో లక్ష యూనిట్లు, తరవాత ఆరేసి నెలలకు రెండేసి లక్షలు. నర్సమ్మ చెంచాతో కొలిచి పోసి, కార్డులో రాసుకునేది అందుకే.

ఇప్పుడు విటమిను మాత్రలు పిప్పరమెంట్లలాగా తియ్యగా చేస్తున్నారు. (ఇది తెలివైన పని అనను.) మీ చెల్లాయి గుప్పెడు మింగేసిందా? వెంటనే అమ్మకు చెప్పండి. డాక్టరు దగ్గరికి సీసా కూడా పట్టుకు వెళ్ళండి. దానిమీది లెక్క చూసి ఏం చెయ్యాలో ఆయన చెబుతాడు.