బండి వెనక చప్పుడు: సామాను మార్చే ముందు సాక్ష్యం చూడాలి

దక్షిణ అండమాన్‌లోని వండూర్ పేరు చెబితే పర్యాటకులకు జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులకు వెళ్లే పడవలు గుర్తొస్తాయి. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కుకు ఈ ఊరే ముఖద్వారం. నాకు మాత్రం వండూర్ అనగానే ఒక పికప్ బండి వెనక నుంచి వచ్చిన చప్పుడు గుర్తొస్తుంది.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. ఆ బండి యజమాని కూడా తెలుగువాడే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. చేపలు, ఐసు పెట్టెలు వేసుకుని పాతిక కిలోమీటర్లకు పైగా ఉన్న పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం)కు తిరుగుతుంటాడు. పెట్టెలు ఎత్తడం సులువవుతుందని, చూడ్డానికీ బాగుంటుందని, బండి వెనక భాగాన్ని కిందికి దింపించాడు. కమాన్ కట్టలో ఐదు పట్టీలుంటే ఒకటి తీయించి, మిగతావాటి వంపు తగ్గించాడు. అప్పటి నుంచి వెనక చప్పుడు మొదలైంది.

"బాబూ, సైన్సు చదివారంట గదా, ఈ చప్పుడేటో చెప్పండి చూద్దాం" అన్నాడు. అప్పటికే షాకబ్జర్లు రెండుసార్లు మార్పించాడు. దీవుల్లో సామాను మార్చడమంటే డబ్బు ఒక్కటే కాదు. కావలసిన వస్తువు ఓడ మీద రావాలి. అది వచ్చేదాకా బండి నిలిచిపోతే చేప కుళ్లిపోతుంది.

ఈ ఒక్క బండి కథ చెప్పడం నా ఉద్దేశం కాదు. మన షెడ్లలో రోగనిర్ధారణ పేరుతో జరుగుతున్నది చాలాసార్లు సామాను మార్పిడి మాత్రమే. చప్పుడు పోయేదాకా ఒక్కో వస్తువూ మారుస్తూ పోవడం అన్నమాట. ఇది పద్ధతి కాదన్నది నా అభిప్రాయం. ముఖ్యంగా కిందికి దింపిన బండి విషయంలో ఇది ప్రమాదకరం కూడా.

అనుభవజ్ఞుడైన మెకానిక్ చెవిని నేను తక్కువ చేయడం లేదు. వందల బండ్లు చూసిన మనిషికి ‘ఈ చప్పుడైతే ఈ బుష్’ అనే లెక్క మనసులో పడిపోతుంది, అది చాలాసార్లు నిజమవుతుంది కూడా. కానీ ఆ లెక్క కంపెనీ నుంచి వచ్చిన కొలతలతో ఉన్న బండ్ల మీద ఏర్పడింది. కొలతలు మార్చేసిన బండిలో పాత చప్పుడుకు కొత్త కారణం ఉండవచ్చు. అనుభవం గీసిన పటంలో లేని ప్రాంతమది. అక్కడ పరీక్ష చేసి చూడటం తప్ప దారి లేదు.

కిందికి దింపడం వల్ల ఏమవుతుందో ముందు చూద్దాం. స్ప్రింగు సాగినా, నొక్కుకున్నా, దాని బలం ఆ మేరకు పెరుగుతుందని రాబర్ట్ హుక్ 1678లోనే ప్రచురించాడు. దాన్నుంచి వచ్చే లెక్క ఇది: స్ప్రింగు మింగగలిగే శక్తి, అది కదిలే దూరపు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఇరుసుకు, చాసిస్ కింద ఉండే బంప్ స్టాపర్ రబ్బరుకు మధ్య 8 సెంటీమీటర్ల ఖాళీ ఉండేదనుకుందాం. దింపడం వల్ల అది 4 సెంటీమీటర్లయింది. ఖాళీ సగమే తగ్గినా, రబ్బరు తగలకుండా మింగగల కుదుపు శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. పట్టీ ఒకటి తీసేయడం వల్ల స్ప్రింగు మెత్తబడుతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. పైగా పట్టీలన్నీ ఒకే మందంలో ఉన్నాయనుకుంటే, ఐదు మోయాల్సిన బరువును నాలుగు మోస్తాయి. ఒక్కో పట్టీ మీద ఒత్తిడి దాదాపు 25 శాతం పెరుగుతుంది. ఉక్కు అలసటకు గురై విరగడంలో ఒత్తిడి కొంచెం పెరిగినా ఆయుష్షు చాలా తగ్గుతుంది. దానికి సముద్రపు ఉప్పుగాలి, ఏటా 3000 మిల్లీమీటర్ల దాకా కురిసే వాన తోడైతే తుప్పు గుంటల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి.

ఇక చప్పుడు సంగతి. చప్పుడు వినిపించిన చోటే జబ్బు ఉందనుకోవడం మొదటి పొరపాటు. ఉక్కులో శబ్దం సెకనుకు 5000 మీటర్లకు పైగా ప్రయాణిస్తుంది, గాలిలో 340 మీటర్లే. పైగా వదులైన చిన్న బోల్టు తనంతట తాను పెద్దగా మోగదు. దాని కంపనం చాసిస్ గుండా వెళ్లి వెనక తొట్టిని కదిలిస్తుంది. వెడల్పాటి రేకు కాబట్టి తొట్టి డప్పులా మోగుతుంది. మనం వినేది డప్పును. కర్ర ఎక్కడుందో వెతకాలి. పాతకాలపు మెకానిక్కులు పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇనుము మీద, పిడిని చెవి దగ్గర పెట్టేది ఇందుకే. 1816లో రెనే లానెక్ స్టెతస్కోపు కనిపెట్టినప్పుడు వాడిన ఆలోచన కూడా ఇదే.

రెండో పని, చప్పుడును ప్రశ్నలుగా విడగొట్టడం. బరువున్నప్పుడే వస్తుందా, ఖాళీగా ఉన్నా వస్తుందా? గుంతలో పడితే వస్తుందా, బ్రేకు వేస్తే వస్తుందా? వేగంతో మారుతుందా? వాన పడితే తగ్గుతుందా? మా వండూర్ మిత్రుణ్ణి ఈ ప్రశ్నలు అడిగితే తేలిందేమిటంటే, ఉన్నది ఒక చప్పుడు కాదు, రెండు. గుంతలో పడినప్పుడు వచ్చే ‘దబ్’ చేపల లోడుతోనే వస్తోంది. బ్రేకు వేసినప్పుడు, గేరు మార్చి కదిలినప్పుడు వచ్చే ఒక్క ‘టక్’ మాత్రం ఖాళీ బండిలోనూ వస్తోంది. రెంటినీ కలిపి ‘వెనక చప్పుడు’ అన్నంతకాలం ఏ మందూ పనిచేయదు.

‘దబ్’ను పట్టుకోవడానికి చేసిన పరీక్షకు పైసా ఖర్చు కాలేదు. బంప్ స్టాపర్ రబ్బరుకు ఎదురుగా, అది తగిలే చోట ఒక తడి మట్టిముద్ద అంటించి, లోడుతో అదే గతుకుల రోడ్డు మీద ఒకసారి తిరిగి వచ్చాం. మట్టిముద్ద అప్పచ్చిలా అణిగిపోయింది. రబ్బరు అడుగు దాకా తగులుతోందని తేలిపోయింది. కొత్త షాకబ్జర్ ఎన్ని వేసినా ఈ చప్పుడు పోదు, ఎందుకంటే షాకబ్జర్ పని ఊగుడును ఆపడం, బరువు మోయడం కాదు.

‘టక్’ సంగతి ఇంకా గంభీరమైనది. ఇరుసును కమాన్ కట్టకు బిగించేవి యూ బోల్టులు. పట్టీ తీసేసినప్పుడు కట్ట మందం తగ్గింది, కానీ పాత యూ బోల్టులనే మళ్లీ వాడారు. నట్టు తిరుగుతూ తిరుగుతూ మరలు అయిపోయిన చోట ఆగిపోయింది. స్పానరుకు గట్టిగానే తగిలింది, బిగిసిందని అందరూ అనుకున్నారు. నిజానికి నట్టు మరల చివర నొక్కుకుంది గానీ కట్టను నొక్కలేదు. బ్రేకు వేసిన ప్రతిసారీ ఇరుసు కొద్దిగా జరిగి ‘టక్’ మంటోంది. ఆ బలమంతా పట్టీల మధ్యనుండే సన్నటి సెంటర్ బోల్టు మీద పడుతోంది. అది తెగితే వెనక ఇరుసు వంకర తిరుగుతుంది, వేగంలో ఉన్న బండి అదుపు తప్పుతుంది. ఇరుసుకు, పట్టీకి అడ్డంగా సుద్దముక్కతో ఒక గీత గీసి, నాలుగైదుసార్లు బ్రేకు వేసి చూస్తే గీత రెండు ముక్కలుగా పక్కకు తప్పింది. రెండుసార్లు షాకబ్జర్లు మార్చిన ఖర్చుతో పోలిస్తే ఆ సుద్దముక్క విలువెంత?

మిగతా చప్పుళ్లకూ ఇలాంటి చవక పరీక్షలున్నాయి. ‘కిర్రు’ మంటే అది ఒరిపిడి. రెండు ఉపరితలాలు అంటుకుని, జారి, మళ్లీ అంటుకోవడం వల్ల పుట్టే శబ్దం. తలుపు బందు మోగేదీ, వయొలిన్ పలికేదీ ఈ సూత్రం మీదే. ఒక్కో బుష్ మీద, పట్టీల మధ్యా వేరువేరుగా నీళ్లు చల్లి చూడండి. ఎక్కడ చల్లితే శబ్దం మారిందో అక్కడే ఒరిపిడి ఉంది. గుంతలతో సంబంధం లేకుండా వేగంతో పెరిగే ‘హూమ్’ వస్తే అది సస్పెన్షన్ కాకపోవచ్చు. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో, చుట్టుకొలత 2 మీటర్లున్న చక్రం సెకనుకు 5 సార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అయితే ప్రొపెల్లర్ షాఫ్టు 20 సార్లు తిరుగుతుంది. వంపుతో తిరిగే జాయింట్ క్రాస్ ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం మారుస్తుంది కాబట్టి దాని కంపనం 40 హెర్ట్జ్. ఈ జాయింటుకూ హుక్ పేరే ఉంది. బండి దింపితే షాఫ్టు కోణం మారుతుంది, ఈ కంపనం పెరగవచ్చు. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌తో మామూలు ఫోనులోనే ఈ సంఖ్యలను చూడొచ్చు. 5 కనిపిస్తే చక్రం, 20 అయితే షాఫ్టు, 40 అయితే క్రాస్ వైపు చూడాలి.

ఒక జాగ్రత్త. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎప్పుడూ దూరకూడదు. పైగా చక్రాలు గాల్లో వేలాడుతుంటే బుష్‌ల మీద బరువు ఉండదు, వదులు దాగిపోతుంది. బరువు చక్రాల మీదే ఉండేలా, గుంత ఉన్న షెడ్డులో చూడాలి.

ఇంత చెప్పాక అసలు ప్రశ్న మిగిలింది: బండిని దింపవచ్చా? కుర్రాళ్ల సరదాను తప్పుపట్టడం నా పని కాదు. చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే నిలబెట్టింది. చట్టం వెనక భౌతికశాస్త్రం ఉందని చెప్పడం నా పని. కొన్ని సరుకు బండ్లలో వెనక బ్రేకు ఒత్తిడిని, బండి ఎంత కిందికి దిగిందో చూసి నిర్ణయించే వాల్వు ఉంటుంది. బండిని దింపేస్తే ఖాళీ బండిని కూడా అది లోడు బండి అనుకుంటుంది. తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి పక్కకు తిరగవచ్చు. ఒక పట్టీ తీయడం ఒక పట్టీతో ఆగదు.

"పెట్టెలు ఎత్తలేక నడుం పోతుంటే ఏం చేయమంటారు?" అన్న ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు జెట్టీ దగ్గర ఎత్తైన లోడింగ్ గట్టు, బండికి ఒక వాలు బల్ల. స్ప్రింగు మీద చేయి వేయడం కాదు.

మన ఐటీఐలలో మోటార్ మెకానిక్ చదివే పిల్లలకు సామాన్ల పేర్లు, బిగించే పద్ధతులు నేర్పుతున్నాం. దానితోపాటు చప్పుడును విడగొట్టడం, ఒక్కసారికి ఒక్క మార్పే చేసి చూడటం, చూసింది నోటుపుస్తకంలో రాయడం నేర్పాలి. సైన్సు పద్ధతి అంటే ఇదే, దానికి ప్రయోగశాల అక్కర్లేదు. బండి యజమానులకు ఒక్క మాట: షెడ్డులో ‘ఇది మార్చాలి’ అన్నప్పుడు ‘ఎలా తెలిసింది అన్నా?’ అని మర్యాదగా అడగండి. మంచి మెకానిక్ ఆ ప్రశ్నకు కోపగించుకోడు, బండి కిందికి పిలిచి చూపిస్తాడు.

వండూర్ మిత్రుడు తీసిన పట్టీ మళ్లీ వేయించి, కట్టకు పాత వంపు తెప్పించి, సరైన పొడవున్న కొత్త యూ బోల్టులు బిగించాడు. రెండు చప్పుళ్లూ పోయాయి. షాకబ్జర్లు మాత్రం రెండోసారి వేసినవే ఉన్నాయి. వాటిలో మొదటి నుంచీ ఏ లోపమూ లేదు.