ఛక్కా

ఆదివారం మధ్యాహ్నం సూరత్ రింగ్ రోడ్ వేరే ఊరిలా ఉంటుంది. వారమంతా చీరల పార్సిళ్లు, టెంపోలు, నెత్తిన మూటలతో దారి ఇమ్మని అరుచుకుంటూ పోయే కూలీలు. కాలు పెట్టడానికి సందుండదు. ఆదివారం షటర్లు దిగుతాయి. సహారా దర్వాజా దగ్గరి గల్లీల్లో పిల్లలు టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడుకుంటారు. గుడ్డ చుట్టే అట్ట గొట్టాలు మూడు నిలబెడితే అవే వికెట్లు. సాంచాల (మరమగ్గాల) మీద బతకడానికి తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీల పిల్లలు, గంజాం ఒడియాల పిల్లలు, ఖాన్‌దేశ్ మరాఠీల పిల్లలు అందరూ కలిసే ఆడతారు. బంతి దుకాణం బోర్డు మీదుగా పోతే అందరి నోటా ఒకటే కేక: ఛక్కా!

మొన్నొక ఆదివారం అదే కేక కాసేపటికి మళ్లీ వినిపించింది. ఈసారి బంతి గాల్లో లేదు. పన్నెండేళ్లుంటాయేమో, సన్నగా ఉన్న ఒక పిల్లాడి చేతుల్లోంచి క్యాచ్ జారి కిందపడింది. "ఛక్కా!" అన్నారు. ఆ మాట సరిపోలేదనుకున్నాడో ఏమో, మన పిల్లాడొకడు దాన్ని తెలుగులోకి దించాడు: "ఆడంగోడా, గాజులేస్కో పో!" ఓట్లా (అరుగు) మీద కూర్చుని చాయ్ తాగుతున్న పెద్దలు నవ్వారు. అందులో ఆ పిల్లాడి తండ్రి కూడా ఉన్నాడో లేదో మాకు తెలియదు. ఉంటే ఆయనా నవ్వే ఉంటాడు. నవ్వకపోతే మిగతావాళ్లు ఆయన వైపు తిరుగుతారు మరి.

ఆరు పరుగులకూ, హిజ్రాలను తిట్టడానికీ, మగతనం చాలదని ఎగతాళి చేయడానికీ ఒకటే మాట చాలిన దేశంలో ఆటస్థలం ఎలా నడుస్తుందో చెప్పడానికి పరిశోధనలు అక్కర్లేదు. మన క్రీడా సమాఖ్యల నిబంధనల పుస్తకాలు లావుగానే ఉంటాయి. బూటు మేకు ఎంత పొడవుండాలో కూడా రాసి ఉంటుంది. తోటి ఆటగాడిని ఆ మాట అంటే ఏం జరుగుతుందో మాత్రం ఆ పుస్తకాలు చాలావరకు తెగేసి చెప్పవు. ఆ ఖాళీలో శిక్షణ, క్రమశిక్షణ, జట్టు ఎంపిక అన్నిటినీ నడిపేది ఆ మాటే.

ఒక్క మనిషి దాన్ని ఎదిరించి నిలబడింది. పక్క సాంచా మీద పనిచేసే ఒడియా వాళ్ల రాష్ట్రం అమ్మాయే. ద్యుతీ చంద్‌ది ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లా, చాకా గోపాల్‌పూర్. అమ్మానాన్నలది మగ్గం పని. 2018 ఆగస్టులో జకార్తా ఆసియా క్రీడల్లో 100 మీటర్లను 11.32 సెకన్లలో పరిగెత్తి రజతం తెచ్చింది. ఆ పరుగులో మన దేశానికి రజతం రావడం 1986లో పి.టి.ఉష తర్వాత మళ్లీ అప్పుడే. మూడు రోజులకు 200 మీటర్లలో ఇంకో రజతం. ఆ తర్వాత వారం తిరిగేసరికి, సెప్టెంబరు 6న, స్వలింగ ప్రేమను నేరంగా చూసిన 377వ సెక్షన్ కోరలను సుప్రీంకోర్టు పీకింది. ఆ తీర్పు ఇచ్చిన ధైర్యంతోనే 2019 మే నెలలో ద్యుతీ నోరు విప్పింది. తన ఊరి అమ్మాయినే ప్రేమించానని, ఆమెతోనే బతుకుతానని చెప్పింది. అంతర్జాతీయ స్థాయిలో ఆడుతూ ఉండగానే భారత క్రీడాకారులెవరూ అంతకుముందు బహిరంగంగా ఆ మాట అనలేదు.

ఇంట్లోంచే బెదిరింపులు రావడంతో బయటపెట్టక తప్పలేదని ఆమె అప్పుడే చెప్పింది. తల్లి ఒప్పుకోలేదు. సంప్రదాయంగా మగ్గం నేసే కులం మాది, ఇలాంటివి మాలో చెల్లవు, చుట్టాల ముందు ముఖం ఎలా చూపించాలి అని బాధపడింది. ఆ తల్లిని నిందించడానికి మాకు నోరు రాదు. ఆ మాట సూరత్‌లోని మన లింబాయత్‌లో ఏ ఇంటి గడప ముందు నిలబడినా వినిపించేదే. చుట్టాలు, కులం, పెళ్లి సంబంధాలు: ఊరు వదిలి వెయ్యి కిలోమీటర్లు వచ్చినవాళ్లకు మిగిలిన ఆస్తి అదే. సేఠ్ పని మాన్పించినా కులం బువ్వ పెడుతుందన్న నమ్మకం. దాన్ని తెంచుకుని బతకమనడం పేపర్లో రాసినంత తేలిక కాదు. సూరత్‌కు దగ్గర్లోనే ఉన్న రాజ్‌పిప్లాలో 2006లో యువరాజు మానవేంద్రసింగ్ గోహిల్ తాను గే అని ప్రకటిస్తే ఊళ్లో దిష్టిబొమ్మలు తగలబెట్టారు. ఆయనకు వెనక్కి ఒరగడానికి రాజుల ఇల్లు, పేరు ఉన్నాయి. నేతగాళ్ల బిడ్డకు ఉన్నది రెండు కాళ్లు. ద్యుతీ నోరు విప్పి రెండు నెలలైనా కాకముందే, 2019 జులైలో, ఇటలీలోని నేపుల్స్‌లో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో అదే 11.32 సెకన్లకు 100 మీటర్ల స్వర్ణం గెలిచింది. ఆ పోటీల్లో ఆ పరుగు గెలిచిన మొదటి భారత మహిళ ఆమె.

తెలుగువాళ్లకు ఈ కథలో ఇంకో పాలు ఉంది. 2014లో ఆమెకు పద్దెనిమిదేళ్లు. ఒంట్లో టెస్టోస్టెరాన్ ఎక్కువుందని గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల జట్టులోంచి తీసేశారు. మందులతోనో, ఆపరేషన్‌తోనో 'సరి' చేసుకుని రమ్మన్నది నాటి నిబంధన. ఆమె ఒప్పుకోలేదు. జాతీయ శిబిరం తలుపులు మూసుకున్న ఆ రోజుల్లో హైదరాబాద్‌లో పుల్లెల గోపీచంద్ తన అకాడమీలో చోటిచ్చాడు. కోచ్ నాగపురి రమేశ్ పరుగు ఆగనివ్వలేదు. 2015 జులైలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం ఆ నిబంధనను నిలిపేసింది. నీ ఒళ్లు సరిగా లేదు అని పరాయివాళ్లు అన్నప్పుడు ఆమె దేశం మొత్తానికీ ఆడబిడ్డ అయింది. నా మనసు ఇది అని తనే చెప్పినప్పుడు మాత్రం, ఎవరి ప్రేమ వాళ్ల సొంతం, ఆటలోకి ఎందుకు లాగడం అన్న గొంతులు పెరిగాయి.

సొంత విషయమట! 2024 డిసెంబరులో ఉదయ్‌పూర్‌లో పి.వి.సింధు పెళ్లయితే ఏ చీర కట్టిందో, విందులో ఏం వడ్డించారో తెలుగు టీవీలన్నీ చూపించాయి. మేమూ చూశాం, సంతోషించాం. 2017లో కోహ్లి ఇటలీలో పెళ్లి చేసుకుంటే అది దేశానికే పండగ. వీటిలో ఏదీ సొంత విషయమని ఎవరికీ తోచలేదు. ఆటగాళ్ల ప్రేమను ఊరంతా పందిరి వేసి చూసుకునే మనకు ఒక్కచోట మాత్రమే మర్యాద గుర్తొస్తుంది. దీన్ని మర్యాద అనడం మా వల్ల కాదు.

పత్రికలవాళ్లం కూడా చేతులు దులుపుకుని పోలేం. 'స్వలింగ సంపర్కులు' అని ఇప్పటికీ రాస్తున్నాం. పోలీసు రికార్డులోంచి ఎత్తుకొచ్చినట్టుండే మాట అది. మొగుడూ పెళ్లాల గురించి రాసేటప్పుడు సంపర్కం అనే మాట కలం చివరికైనా రాదు గదా!

పోనీ, మన ప్రేక్షకులే ఓర్వలేరనుకుందామా? 2023లో మొదలైన మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ నాట్ సివర్ బ్రంట్‌ను ముంబయి ఇండియన్స్ 3.2 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. ఆమె 2022లో తన జట్టు సహచరి క్యాథరిన్ బ్రంట్‌ను పెళ్లాడింది. ఆ పెళ్లి పేరే జెర్సీ మీద రాసుకుని మన మైదానాల్లో ఆడుతోంది. స్టాండ్స్‌లో పిల్లలు ఆమె పేరు పెట్టి అరుస్తారు. దక్షిణాఫ్రికా మరిజాన్ కాప్ ఢిల్లీకి ఆడింది. ఆమె 2018లో తమ కెప్టెన్ డేన్ వాన్ నీకర్క్‌నే పెళ్లి చేసుకుంది. మైదానం పైకప్పు కూలిపోలేదు. టికెట్లు అమ్ముడుపోయాయి. పరాయి దేశపు ఆటగత్తెలో తప్పు కానిది సొంత పిల్లల్లో ఎందుకు తప్పవుతుందో చెప్పాల్సింది ఓట్లా మీద నవ్విన పెద్దలు కారు. ఆట నడిపే పెద్దలు.

మగవాళ్ల ఆటల దగ్గరికొస్తే మౌనం ఇంకా చిక్కనవుతుంది. ఇంగ్లండ్‌కు ఆడిన వికెట్ కీపర్ స్టీవెన్ డేవిస్ 2011లోనే తాను గే అని చెప్పి, ఆ తర్వాతా కౌంటీ క్రికెట్‌లో కొనసాగాడు. మన దేశానికి ఆడిన పురుష క్రికెటర్లలో ఇంతవరకు ఒక్కరూ ఆ మాట బయటికి అనలేదు. అలాంటివాళ్లు అసలు లేరని నమ్మేవాళ్లతో వాదన అనవసరం. ఎందుకు అనరో తెలియాలంటే స్పోర్ట్స్ హాస్టల్ చూడాలి. ఒక గదిలో ఆరు మంచాలు, తలుపుకు గడియ సరిగ్గా పడదు, ఫోన్ ఎవరైనా తీసి చూడొచ్చు. పొద్దున ఐదింటికి ఎవరు పరిగెత్తాలో, సాయంత్రం జట్టు జాబితాలో ఎవరి పేరుండాలో నిర్ణయించేది ఒక్క కోచ్. ఆ జాబితా మీద స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, రైల్వేలోనో పోలీసులోనో, ఆధారపడి ఉంటుంది. ఆ ఉద్యోగం మీద ఊళ్లో ఇల్లు, చెల్లెలి పెళ్లి. ఇన్ని ముడులున్న చోట ఒక కుర్రాడు నిజం చెప్పడం ఒక్క పోగు లాగడం లాంటిది. బట్ట ఎక్కడిదాకా ఊడిపోతుందో నేతగాడి బిడ్డకు తెలుసు.

పైగా ఆ తిట్టు అనే ఆయుధం ఎవరి మీదికైనా ఎగరగలదు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో తెలంగాణ గురుకులంలో చదువుకున్న అగసర నందిని 5712 పాయింట్లతో కాంస్యం గెలిచింది. నాలుగే నాలుగు పాయింట్ల తేడాతో నాలుగో స్థానంలో మిగిలిన స్వప్నా బర్మన్, తనకు రావాల్సిన పతకం ట్రాన్స్‌జెండర్‌కు పోయిందని సోషల్ మీడియాలో రాసింది. తర్వాత ఆ పోస్టు తీసేసింది. కానీ చాయ్ అమ్మే తండ్రి బిడ్డ పతకం పట్టుకుని ఇంటికొచ్చేసరికి, రెండు రోజులు ఏడు ఈవెంట్లు ఎలా చేసిందన్న ముచ్చట పోయి నువ్వు ఆడపిల్లవేనా అన్న ప్రశ్న ముందు నిలబడింది. అప్పుడు మన ఊళ్లలో కోపం వచ్చింది, న్యాయమే. ఆ కోపం నందిని మనమ్మాయి కాబట్టి వచ్చిందా, ఆ మాటే నీచం కాబట్టి వచ్చిందా? రెండోదైతే రింగ్ రోడ్ గల్లీలో నవ్వెలా వచ్చింది?

ద్యుతీ గురించి రాస్తూ ఒకటి దాచకూడదు. 2022 డిసెంబరులో తీసుకున్న ఆమె నమూనాల్లో నిషిద్ధ ఔషధాలు దొరికాయి. 2023 జనవరి నుంచి లెక్కేసి నాలుగేళ్లు నిషేధించారు. అది ఆటకు సంబంధించిన తప్పు, ఆ శిక్ష పడాల్సిందే. అయితే నిషేధం వార్త రాగానే 'అప్పుడే అనుకున్నాం' అన్నవాళ్లున్నారు. ఏమనుకున్నారు? ప్రేమించినందుకు మందులు వాడిందనా? డోపింగ్‌లో దొరికిన మగవాళ్లెవరికీ వాళ్ల పెళ్లాం పేరు జోడించి తీర్పు చెప్పినట్టు మాకు గుర్తులేదు.

ఇక నేరం ఎవరిదో పేరు పెట్టి చెప్పాలి. భారత ఒలింపిక్ సంఘానిది, జాతీయ సమాఖ్యలది, కేంద్ర క్రీడాశాఖది, అందరికంటే ఎక్కువ డబ్బున్న క్రికెట్ బోర్డుది. ఆడపిల్లలపై వేధింపుల ఫిర్యాదులు వినడానికి 2013 చట్టం ప్రకారం ఉండాల్సిన కమిటీలే దాదాపు సగం సమాఖ్యల్లో సరిగా లేవని తేలితే 2023 మేలో జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసులు ఇవ్వాల్సి వచ్చింది. అదీ వేధింపులపై రెజ్లర్లు ఢిల్లీలో జంతర్ మంతర్ రోడ్డు మీద కూర్చున్నాక. చట్టం ఉన్న చోటే ఇంత నిర్లక్ష్యమైతే, చట్టం పేరెత్తని పిల్లల సంగతి చెప్పేదేముంది? 2025 ఆగస్టులో పార్లమెంటు క్రీడా పరిపాలన చట్టం తెచ్చింది. మహిళలు, మైనర్ క్రీడాకారుల రక్షణకు సేఫ్ స్పోర్ట్స్ విధానం ఉండాలంది. మంచిదే. ఆ విధానంలో లైంగిక ధోరణి అన్న రెండు మాటలు చేర్చడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

చేర్చకపోతే గుజరాత్‌కే ఇరకాటం. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. 2036 ఒలింపిక్స్ కూడా మాకే కావాలని 2024లోనే ఉత్తరం రాశాం. ఒలింపిక్ చార్టర్ ఆరో మూలసూత్రంలో లైంగిక ధోరణి ఆధారంగా వివక్ష పనికిరాదని 2014 డిసెంబరు నుంచీ రాసి ఉంది. ఆ ఉత్తరం మీద సంతకం పెట్టినవాళ్లు ఆ పేజీ తిప్పే ఉంటారు గదా! 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ ప్రారంభోత్సవంలో బ్రిటన్ డైవర్ టామ్ డేలీ బృందం ఇంద్రధనుస్సు జెండాలతో స్టేడియంలోకి వచ్చినప్పుడు అందులో ద్యుతీ ఉంది. అహ్మదాబాద్‌లో ఆ చోట ఎవరు నడుస్తారు? నడిచేవాళ్లు మన జట్టులోంచి వస్తారా, లండన్ నుంచి దిగుమతి చేసుకోవాలా?

2030 ఎంతో దూరంలో లేదు. తిట్టును తిట్టుగా రాసి, దానికి మ్యాచ్ నిషేధం పెట్టే నిబంధన ప్రతి సమాఖ్య పుస్తకంలోకి ఎక్కాలి. హాస్టల్లో కోచ్‌కు సంబంధం లేని ఫిర్యాదు మార్గం ఒకటి ఉండాలి. ఫిర్యాదు చేసినవాడి పేరు జట్టు జాబితాలోంచి మాయమైతే సెలెక్టర్ జవాబు చెప్పాలి. సూరత్‌లో పండగలకు టోర్నమెంట్లు పెట్టే మన తెలుగు సంఘాలు, కులసంఘాలు ఢిల్లీ కోసం ఆగనక్కర్లేదు. అంపైర్ చేతికిచ్చే కాగితంలో ఒక్క వాక్యం చాలు.

ఆ ఆదివారం ఆట చీకటి పడేదాకా సాగింది. క్యాచ్ వదిలిన పిల్లాణ్ని చివరి షటర్ దగ్గర, బంతి రాని చోట నిలబెట్టారు. ఇటువైపు ఎవరో బలంగా కొట్టారు. "ఛక్కా!" అని అందరూ అరిచారు. బంతి వాడి తల మీదుగా పోతోంది. వాడు పైకి చూడలేదు. ముందు అరిచినవాళ్ల ముఖాలకేసి చూశాడు.