ఇరుగు పొరుగు: గీత మీద ఆగిన బంతి

మన పిల్లల్లో బేస్‌బాల్ ఆడేవాళ్ళు పెరుగుతున్నకొద్దీ, కంచె అవతల మడతకుర్చీలు వేసుకుని అంపైరుకు ధర్మసూక్ష్మాలు బోధించే తల్లిదండ్రులూ పెరుగుతున్నారు. మా ఊరి పిల్లల లీగులో నాలుగేళ్ళుగా శనివారాలు నేను అంపైరుగా నిలబడుతున్నాను. జీతం లేదు. ఆట అయ్యాక ఒక హాట్ డాగ్ ఇచ్చేవారు. శాకాహారినని తెలిశాక నిమ్మరసంతో సరిపెడుతున్నారు. ఈ నెల పెరటి కూరగాయల గురించి వ్రాస్తానని క్రిందటి సంచికలో మాట ఇచ్చాను గాని, వంకాయలు వచ్చే నెల దాకా ఆగగలవు. ఇది ఆగేది కాదు.

క్రికెట్ చూస్తూ పెరిగిన వాళ్ళం గనుక బంతీ బ్యాటూ మనకు కొత్త కాదు. కొత్తదల్లా రూలు పుస్తకం. దాన్ని తెరవకుండానే మనం గట్టిగా నమ్మే మాటలు కొన్ని ఉన్నాయి. ఫౌల్ గీత మీద ఆగిన బంతి ఫౌల్ అనుకుంటాం. కాదు, ఫెయిర్. పేరుకే అది ఫౌల్ గీత. పుట్టుక ఫెయిర్ భూభాగంలోనే. హోమ్ ప్లేట్ సంగతీ అంతే, దానికి తగిలినంత మాత్రాన బంతి ఫౌల్ కాదు. "చేతులు బ్యాటులో భాగం" అన్నది మరో మాట. చేతులు మనిషిలో భాగమండీ! పిచ్చర్ వేసిన బంతి చేతికి తగిలిందా, ఆట అక్కడితో ఆగింది. బ్యాటు ఊపి ఉంటే స్ట్రైక్. ఊపకుండా, స్ట్రైక్ జోన్ బయటి బంతిని తప్పించుకోబోయి తగిలించుకుంటే ఫస్ట్ బేస్ దక్కుతుంది.

అన్నిటికంటె మొండి నమ్మకం ఇంకొకటి ఉంది: బంతీ, రన్నరూ ఒకేసారి చేరితే గెలుపు రన్నరుదేనని. సందేహం వస్తే బ్యాట్స్‌మన్ పక్షం వహించాలన్న క్రికెట్ సంప్రదాయం మనకు వంటబట్టింది గనుక ఈ మాటంటే మరీ ముద్దు. ఆ వాక్యం రూలు పుస్తకంలో ఎక్కడా లేదు. ఉన్నది ఇది: కొట్టినవాడు ఫస్ట్ బేస్ తాకకముందే బంతి పట్టినవాడు ఆ బేస్ తాకితే ఔట్. "ముందే" అన్నారు గనుక సమానమైతే ఔట్ కాదని వాదించవచ్చు. కాని వెనకవాడు తోసుకువస్తే ముందుకు కదలక తప్పని రన్నర్ విషయంలో వాక్యం తిరగబడింది: బంతి పట్టినవాడు బేస్ తాకకముందు ఇతను తాకలేకపోతే ఔట్. అంటే అక్కడ సమానమైతే ఔటే! తర్కం చదివినవాళ్ళకు పండుగ. మైదానంలో మాత్రం అంపైరు సమానమన్న మాటనే ఒప్పుకోడు. ఏదో ఒకటి ముందు, అంతే.

అది ఎలా తెలుస్తుందంటారా? ఫస్ట్ బేస్ దగ్గర అంపైరు కన్ను బేస్ మీద పడే కాలి మీద ఉంటుంది, చెవి గ్లవ్‌లో పడే బంతి చప్పుడు మీద ఉంటుంది. మన పాఠకుల్లో సగంమంది ఇంజనీర్లు గనుక ఒక లెక్క చెబుతాను. శబ్దం సెకనుకు దాదాపు 1100 అడుగులు పోతుంది. కంచె దగ్గర, బేస్‌కు 110 అడుగుల దూరాన మీరు కూర్చుంటే, గ్లవ్ చప్పుడు సెకనులో పదోవంతు ఆలస్యంగా వినిపిస్తుంది. కాలు పడడం మాత్రం అప్పటికప్పుడే కనిపిస్తుంది. సెకనుకు 15 అడుగులు పరుగెత్తే పిల్లవాడు ఆ పదోవంతులో అడుగున్నర ముందుకు పోతాడు. కనుక అడుగు తేడాతో ఔటైన వాడు కూడా మీ కుర్చీలోంచి సేఫ్‌గానే కనిపిస్తాడు. అబద్ధమాడుతున్నది మీరూ కాదు, అంపైరూ కాదు, గాలి.

ఇక ఇన్‌ఫీల్డ్ ఫ్లై. దీన్ని అర్థం చేసుకోవడానికి మనవాళ్ళకు ఒక్క మాట చాలు: తొండి. బిళ్ళంగోడు ఆడిన వాళ్ళెవరికీ దానికి నిఘంటువు అక్కరలేదు. ఫస్ట్‌లోనూ సెకండ్‌లోనూ రన్నర్లున్నారు, రెండు ఔట్లు ఇంకా పడలేదు. తేలికపాటి బంతి ఒకటి నిట్టనిలువుగా లేచింది. పట్టుకుంటారనుకుని రన్నర్లు బేస్‌లకు అంటిపెట్టుకుని ఉంటారు. అప్పుడు షార్ట్‌స్టాప్ కావాలని బంతి జారవిడిస్తే రన్నర్లు కదలక తప్పదు. రెండు ఔట్లు ఊరికే వస్తాయి. ఆ తొండి సాగకుండా 1890ల్లోనే రూలు వచ్చింది. లోపలి ఫీల్డర్ మామూలు ప్రయత్నంతో పట్టగల బంతి అని అంపైరుకు తోస్తే, పట్టినా వదిలినా కొట్టినవాడు ఔట్. అతను ఔటయ్యాడు గనుక రన్నర్లను వెనకనుంచి తోసేవాడు లేడు. పరుగెత్తితే వాళ్ళ ఇష్టం, వాళ్ళ పూచీ.

పోయిన మే నెలలో మా పదకొండేళ్ళ పిల్లల ఆటలో అచ్చం ఇదే జరిగింది. బంతి లేచింది, నేను వేలు పైకెత్తి కేక వేశాను. షార్ట్‌స్టాప్ మన తెలుగు కుర్రవాడే; ఎండ కళ్ళలో పడి బంతి వదిలేశాడు. కింద పడ్డదాన్ని చూసి సెకండ్‌లో ఉన్నవాడు బెదిరి థర్డ్‌కు పరుగెత్తాడు. మనవాడు బంతి తీసి థర్డ్‌కు విసిరాడు. అక్కడి అమ్మాయి బంతి పట్టుకుని, బేస్ తొక్కి, రన్నర్‌ను ముట్టుకోకుండా చేతులెత్తి ఎగిరింది. నేను కొట్టినవాడు ఔట్, రన్నర్ సేఫ్ అన్నాను. ఇద్దరు కోచ్‌లూ ఒకేసారి నా మీదికి వచ్చారు. బంతి వదిలేస్తే మావాడు ఔట్ ఏమిటని ఒకరు. బంతి ముందు చేరితే రన్నర్ సేఫ్ ఏమిటని ఇంకొకరు. రెండింటికీ జవాబు ఒకటే: కొట్టినవాడు ఔటయ్యాడు గనుక రన్నర్‌కు బలవంతం పోయింది, అతన్ని ఒంటికి తాకించి ఔట్ చేయాలి, బేస్ తొక్కితే చాలదు. ఆట అయ్యాక కుర్రవాడి తండ్రిగారు దగ్గరకు వచ్చి, "ఏమండీ, మనవాడే కదా, ఆ థర్డ్ బేస్ ఔట్ ఇచ్చి ఉండకూడదూ?" అన్నారు, సగం నవ్వుతూ. హైదరాబాదు అంపైరు వి.కె. రామస్వామిగారు, పీలూ రిపోర్టర్‌గారు 1986లో లాహోరులో పాకిస్తాన్-వెస్టిండీస్ టెస్టుకు తటస్థ అంపైర్లుగా ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో ఆయనకు చెప్పాను. కుర్రవాడు మాత్రం వేరే ప్రశ్న వేశాడు: "అంకుల్, కావాలని వదిలానో, జారిపోయిందో మీకెలా తెలుసు?" తెలియనక్కరలేదన్నాను. ఫీల్డర్ మనసులో ఏముందో వెతకకుండా ఉండడానికే ఆ రూలు పుట్టింది.

అంపైరుతో ఎప్పుడు వాదించవచ్చు అన్నది కూడా పుస్తకంలోనే ఉంది. బంతా స్ట్రైకా, సేఫా ఔటా అన్నవి కంటి తీర్పులు. వాటికి అప్పీలు లేదు. రూలునే తప్పుగా అన్వయిస్తే మేనేజరు అడగవచ్చు. 1983 జూలై 24న యాంకీ స్టేడియంలో జార్జ్ బ్రెట్ హోమ్ రన్ కొట్టి కాన్సస్ సిటీని 5-4 ముందుకు తెచ్చాడు. బ్యాటు మీద పైన్ తారు 18 అంగుళాల హద్దు దాటి పూసి ఉందని యాంకీ మేనేజర్ బిల్లీ మార్టిన్ ఫిర్యాదు చేయగా, అంపైర్లు బ్యాటును హోమ్ ప్లేట్ పక్కన పెట్టి కొలిచి బ్రెట్‌ను ఔట్ చేశారు. లీగు అధ్యక్షుడు లీ మెక్‌ఫెయిల్ ఆ నిర్ణయాన్ని త్రోసిపుచ్చాడు: ఆ బ్యాటును ఆటనుంచి తీసివేయాలి గాని, పరుగులు రద్దు చేయడం రూలు ఉద్దేశం కాదన్నాడు. ఆగస్టు 18న మిగిలిన ఆట ఆడారు, 5-4 నిలిచింది. 2012 అక్టోబరు 5న అట్లాంటాలో కథ వేరు. ఎడమవైపు అవుట్‌ఫీల్డ్ గడ్డిలో పడ్డ బంతికి శామ్ హోల్‌బ్రుక్ ఇన్‌ఫీల్డ్ ఫ్లై ఇస్తే, జనం సీసాలు విసిరి 19 నిమిషాలు ఆట ఆపారు. బ్రేవ్స్ నిరసన చెల్లలేదు. "మామూలు ప్రయత్నం" ఏదన్నది కంటి తీర్పు. గడ్డి ఎక్కడ మొదలవుతుందన్న దానితో పని లేదు. నా మట్టుకు నాకు ఆ కేక ఆలస్యంగా వచ్చిందనిపిస్తుంది. అయినా సీసాలకు సమాధానం లేదు.

మా మైదానంలో సీసాలు పడలేదు. పడ్డవి మాటలు. జూన్‌లో బేస్‌ల దగ్గర నాకు తోడుగా నిలిచిన హైస్కూలు కుర్రవాడికి పదహారేళ్ళు. ఒక దగ్గరి ఔట్ ఇచ్చినందుకు ఒక తండ్రి కార్ల దాకా వెంటపడి తిట్టాడు. ఆ తండ్రి మనవాడు కాదు; ఆ పక్కనే నవ్వుతూ నిలబడ్డవాళ్ళలో మనవాళ్ళు ఇద్దరున్నారు. కుర్రవాడు మర్నాడు టోపీ, బంతులు లెక్కపెట్టే మీట తిరిగి ఇచ్చేశాడు. తర్వాత రెండు శనివారాలు అంపైరు లేక చిన్నపిల్లల ఆటలు మూడు రద్దయ్యాయి. యూనిఫారాలు వేసుకుని వచ్చిన పిల్లలు గంటసేపు మట్టిలో ఆడుకుని వెళ్ళిపోయారు.

వచ్చే సీజనుకు మా లీగుకు కనీసం ఆరుగురు కావాలి. ఫిబ్రవరిలో రెండు ఆదివారాలు స్కూలు జిమ్‌లో నేర్పుతారు. కేక ఎలా వేయాలి, ఎక్కడ నిలబడాలి, ప్రేక్షకులకు వీపు చూపకుండా ప్లేటు మీద దుమ్ము ఎలా దులపాలి, ఇవన్నీ చెబుతారు. ఆడవాళ్ళు కూడా రావచ్చు; క్రిందటేడు మాలో అందరికంటె నిదానంగా, సరిగా చూసి చెప్పినది ఒక గుజరాతీ ఆవిడే. మాస్కు, ఛాతీ కవచం లీగువాళ్ళే ఇస్తారు. గట్టి ముక్కు ఉన్న బూట్లు మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలి.