అకాల హిమపాతము – పశునష్టము

మన తెలుగుభాషలో మంచు అను నొక్క మాటయే గడ్డిపోచపై మెరయు బిందువునకును, శీతకాలపు వేకువను దారి కానరాకుండ గ్రమ్ము తెరకును, ఆకసమునుండి రాలి యిండ్లను పూడ్చివేయు హిమమునకును చెల్లుచున్నది. వీనిలో కడపటిదానిని కన్నులార చూచినవారు మనలో మిక్కిలి యరుదు. కావున మంచు కురిసి వేలకొలది పశువులు చచ్చెనని వినినపుడు, "అది యేటేట మంచు కురియు దేశమే కదా! పశువులను కొట్టములలో కట్టివేసికొనరాదా?" యని మన విద్యార్థు లడుగుట సహజము. ఆ దేశమునందే పట్టణవాసులు కొంద రిట్లే యడిగిరి. ఈ ప్రశ్న పశుపాలకులయెడ న్యాయమైనది కాదని మా యభిప్రాయము.

మేము చెప్పునది అమెరికా సంయుక్త రాష్ట్రములలోని దక్షిణ డకోటా పశ్చిమభాగమున 2013వ సంవత్సరము అక్టోబరు 3, 4, 5 తేదీలలో సంభవించిన విపత్తును గూర్చి. ఇచ్చట మనము దసరా పండుగకు సిద్ధపడుచుండిన దినములవి. అచ్చట చెట్ల యాకు లింకను రాలలేదు. మొదట చల్లని వాన పశువులను చర్మము వరకు తడిపెను. పిమ్మట ఆ వానయే మంచుగ మారి, పెనుగాలితో గూడి కురిసెను. రాపిడ్ సిటీ పట్టణమున 23 అంగుళములు, బ్లాక్ హిల్స్ కొండలలోని లీడ్ అను నూర 55 అంగుళములు మంచు పడెను. ఆకులతో నున్న కొమ్మలు బరువునకు విరిగి తీగలపై బడుటచే వేలకొలది యిండ్లలో దీపము లారిపోయెను. పట్టణములు త్వరలోనే తేరుకొనెను. పచ్చికబీళ్లు తేరుకొనలేదు.

జనవరి మాసపు మంచును, గాలిని ఆ పశువులే యోర్చుకొనును. చలి ముదిరినకొలది వానికి దట్టమైన బొచ్చు పెరుగును. యజమానులును వానిని గాలిచాటు గల తావులకు, ఇంటి దాపునకు తోలుకొని వత్తురు. అక్టోబరు మొదటివారమున బొచ్చు పెరుగలేదు. మందలు చాటులేని వేసవిబీళ్లలోనే, ఇంటికి దూరముగ మేయుచుండెను. తడిసిన పశువు గాలికి వీపు త్రిప్పి, గాలి తోలిన దిక్కునకే నడచును. అట్లు నడచినవి మంచులో మునిగిన కంచెలను దాటి మైళ్లకొలది పోయి, కొన్ని వాగులలో బడి, కొన్ని పల్లములలో నొకదానిపై నొకటి కూలి, చలికి బిగిసి చచ్చెను. మంచు కరిగిన పిదప చెవిబిళ్లలను, కాల్చిన ముద్రలను చూచి యెవరివెవరివో గుర్తింపవలసివచ్చెను. తొలి యంచనాలలో కొన్ని 20,000 దాటెను. కళేబరములను పూడ్చుటకు పెన్నింగ్టన్ కౌంటీలో పెద్ద గోతులు త్రవ్విరి.

మన రైతునకు రెండెడ్లు, ఒక పాడియావు. వానిని సావిడిలో గట్టవచ్చును. వందలకొలది పశువుల మందకు సావిడి వేయుట యెవరి తరము? ఆషాఢమున మనము చేతులు జోడించి కోరు వానయే కళ్లముమీద బడినచో ధాన్యము మొలకెత్తును. అపుడు "వాన వచ్చునని యెరుగవా?" యని రైతును గద్దించువా రుందురా? కొంద రుందురు, వారి సంగతి విడుతము.

చచ్చిన యావు నొకటిగ లెక్కించుటయు సరికాదు. ఆ యేటి దూడలు శరత్కాలపు సంతలో అమ్ముడుపోయిననే యింటికి సంవత్సరపు రాబడి. ఆవుతో నామె వెంటనున్న దూడయు, కడుపులోని దూడయు పోయెను. ఏరి కూర్చి, తరతరములుగ వృద్ధిచేసిన మంద యొక్క రాత్రిలో సగమైనవా రుండిరి.

ఇట్టి నష్టమునకు ప్రభుత్వ పరిహార మొకటి యుండెడిది. దాని గడువు 2011 సెప్టెంబరు 30వ తేదీతోనే తీరిపోయెను. క్రొత్త వ్యవసాయచట్టము శాసనసభలో తెగక నానుచుండెను. అదియు చాలక, వ్యయానుమతి లేక అక్టోబరు 1 మొదలు 16 వరకు కేంద్రప్రభుత్వపు కార్యాలయములు పెక్కు మూతపడెను. నష్టము చెప్పుకొన బోయినవారికి తలుపు తీయు గుమాస్తా లేడు. పశుపాలకుల యజాగ్రత్తను వెదకినవారు ఈ యజాగ్రత్తను వెదకియుండిన బాగుండెడిది. ఎవరి వ్యాపారపు కష్టనష్టములు వారివే యని వాదించువారు కలరు. ఏటేట వచ్చు చలివిషయమున ఆ వాదము మాకును సమ్మతమే. దానికై వారు సిద్ధపడియే యుందురు. ఋతువు తప్పి వచ్చినదానికి మాత్రము చట్టము ముందే సిద్ధముగ నుండవలెను గాని, పశువులు చచ్చిన తరువాత చర్చకు కూర్చుండరాదు.

ఇతర రాష్ట్రముల పశుపాలకులు శాసనమునకై కాచుకొనలేదు. తమ మందలనుండి చూడిపెయ్యలను లారీల కెక్కించి పంపిరి. పశువు పోయినవానికి పశువు నిచ్చుట, సొమ్ము నిచ్చుటకంటె నెక్కువ తెలిసినవారు చేయు సాయమని మాకు తోచుచున్నది.

చట్టముపై అధ్యక్షుడు ఒబామా 2014 ఫిబ్రవరి 7వ తేదీన సంతకము చేసెను. వెనుకటి నష్టములకు సైతము, విపణి విలువలో నూటికి 75 వంతుల పరిహారము నిర్ణయమయ్యెను. దరఖాస్తులు గైకొనుట ఏప్రిలు 15న మొదలయ్యెను. అప్పటికి ఆ బీళ్లలో పశువు లీను కాలము. ఈనవలసిన యావులలో ననేకములు గోతులలో నుండెను.